ఉతికినా పోని చెమట వాసన: బోరు నీళ్లల్ల బట్టలు ఎట్ల నానబెట్టాలె?

దేవరకొండ కోడలు | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా ఆయన బస్సు నడుపుతడు. తెల్లారగట్ల నాలుగింటికి డ్యూటీ ఎక్కితే ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడైతది. ఇంజను పక్కన కూసునే పని, పైన మే నెల ఎండ. ఇంటికొచ్చేసరికి ఖాకీ అంగీ వీపు మీద ఉప్పు తెల్లగ చారలు చారలు తేలి ఉంటది.

రోజూ ఉతుకుతనే ఉన్న. రాత్రి పౌడరు నీళ్లల్ల నానేసి, పొద్దున బ్రష్షుతోని రుద్ది, రెండు నీళ్లల్ల జాడించి దండెం మీద ఏస్త. ఆరినంక ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా ఉండదు. ఇస్త్రీ పెట్టె చంక కాడికి పోంగనే గుప్పున లేస్తది. ఇస్త్రీ చేసి మడతపెట్టిన అంగీ, పాత కంపు! పౌడర్లు మూడు రకాలు మార్చిన. ఎంత ఏసినా మా బోరు నీళ్లల్ల నురగ నిలువదు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కానీ మొన్న డ్యూటీకి పోయేముందు గుమ్మం కాడ నిలబడి చెయ్యి ఎత్తి, అంగీ వాసన రెండుసార్లు చూసుకున్నడు. నేను చూసిన సంగతి ఆయనకు తెల్వదు. అప్పటి సంది మనసు మనసుల లేదు. తెలిసినోళ్లు చెప్పండి, పుణ్యముంటది.

మిల్లు గుమస్తా | ఆదివారం, రాత్రి 10:05

అక్కా, బ్లీచింగ్ పౌడరు ఒక చెంచా నీళ్లల్ల కలిపి పది నిమిషాలు ముంచి తియ్యండి. మిర్యాలగూడల మా మిల్లు హమాలీల తువ్వాళ్లు అట్లనే చేస్తరు. ఏ వాసనైనా చచ్చిపోతది.

పాలమూరు ఆడబిడ్డ | ఆదివారం, రాత్రి 10:30

తమ్ముడూ, తెల్ల తువ్వాల వేరు, ఖాకీ అంగీ వేరు. రంగు బట్టకు బ్లీచింగ్ తగిలితే మచ్చలు పడతయి, మళ్ల ఆ అంగీ పనికి రాదు.

తెల్లవాటికైనా చంకల కాడ నేనైతే వద్దంటా. మా పెద్దోడి తెల్ల స్కూలు అంగీ చంకల పసుపు పట్టిందని బ్లీచింగ్‌ల వేసిన. తెల్లగయ్యేది పోయి ఇంకింత పచ్చగైంది, కుడి చంక బట్ట చివికి వేలు పెడితే చిరిగింది. కొత్త అంగీ, రెండు నెలలు కూడా తొడగలే.

అక్కా, నేను విన్నదైతే వెనిగరు, వంట సోడా రెండూ కలిపి పోస్తే వాసన పోతదంట. నేను చేసి చూడలే. సార్లు ఎవరన్నా ఉంటే చెప్పాలె.

నకిరేకల్ సైన్సు సారు | సోమవారం, ఉదయం 6:15

అమ్మా దేవరకొండ కోడలు, ముప్పై ఏళ్లు పిల్లలకు కఠిన జలం పాఠం చెప్పినవాడిని. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మొదటి మాట, తప్పు నీ చేతిది కాదు. చెమట అంటే దాదాపు అంతా నీళ్లే, కాస్త ఉప్పు. అప్పుడే పట్టిన చెమటకు వాసన పెద్దగా ఉండదు. చంకల్లో వచ్చే చెమటలో కొవ్వు, ప్రొటీన్ లాంటివి ఉంటాయి, ఒంటి జిడ్డు దానికి తోడవుతుంది. చర్మం మీద ఉండే బాక్టీరియా వీటిని తిని, వదిలేసే పదార్థాలదే ఆ కంపు. ఉప్పు మామూలు నీళ్లకే పోతుంది. పోనిది జిడ్డు, దాన్ని పట్టుకున్న కంపు.

ఇప్పటి ఖాకీ బట్టలో చాలావరకు పాలియెస్టర్ కలిసి ఉంటుంది. నూలు నీళ్లు తాగుతుంది. పాలియెస్టర్ నీళ్లను దూరం పెడుతుంది, జిడ్డును మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. వాసన పుట్టించే మైక్రోకోకస్ అనే బాక్టీరియా నూలు మీద కంటే పాలియెస్టర్ మీద బాగా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. అందుకే ఆరిన అంగీకి వాసన లేనట్టే ఉంటుంది, ఇస్త్రీ వేడి తగలగానే దాగి ఉన్నదంతా ఆవిరై బయటికొస్తుంది. తొడుక్కున్నాక ఒంటి వేడికీ అదే జరుగుతుంది.

ఇక మన బోరు నీళ్లు. వాటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని నీళ్లలో కరగని తెట్టెగా మార్చేస్తాయి. బకెట్టు అంచున బూడిద రంగు గీత పడుతుంది చూడు, అదే. ఆ తెట్టె బట్ట పోగుల్లో కూర్చుంటే దాని కింద జిడ్డు భద్రంగా ఉంటుంది. డిటర్జెంటు పౌడరుకు సబ్బు బిళ్లంత బాధ లేదు కానీ, దాని బలంలో కూడా చాలా భాగం ఈ సున్నంతో కొట్లాడటానికే అయిపోతుంది. నువ్వు రెండింతలు పౌడరు వేసినా అందుకే లాభం లేకపోయింది.

తాగే నీళ్లకు మన దేశ ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. మన దిక్కు చాలా బోర్లు ఆ పై గీతనే తాకుతాయి.

ఒక పరీక్ష చెయ్యి. రెండు ఖాళీ సీసాలు తీసుకో. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో ఫిల్టరు నీళ్లు సగం సగం పోసి, ఒంటి సబ్బు చిన్న పలుకు చెరొకటి వేసి గట్టిగా కుదుపు. ఒకదాంట్లో నురగ నిలబడి, రెండో దాంట్లో పాలవిరుగుడు లాంటి తెల్ల తునకలు తేలితే, రోగం నీళ్లదే.

మందు చాలా చవక. బట్టల సోడా. వంట సోడా కాదు, అది ఈ పనికి చాలదు. బట్టల సోడా నీళ్లలోని కాల్షియాన్ని సున్నపురాయి పొడిగా మార్చి అడుక్కు దించేస్తుంది. అప్పుడు పౌడరు తన పని తాను చేస్తుంది. 600 కఠినత్వం ఉన్న నీళ్లు 15 లీటర్ల బకెట్టుకు, పొడి సోడా అయితే లెక్క ప్రకారం దాదాపు 10 గ్రాములు, అంటే రెండు చిన్న చెంచాలు. మెరిసే పలుకుల సోడా అయితే అందులో నీళ్లు కలిసి ఉంటాయి కాబట్టి 25 గ్రాములు పడుతుంది. ముందు సోడా వేసి కలిపి పది నిమిషాలు ఆగు. తరువాతే పౌడరు. ఈ వరస మారితే పౌడరు ముందే సున్నం పాలవుతుంది.

పాలమూరు అమ్మాయి అడిగినదానికి: వెనిగరు ఆమ్లం, సోడా క్షారం. రెండూ కలిపితే బుసబుస పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఒకదాన్ని ఒకటి చంపుకుంటాయి. విడివిడిగా వాడితే రెండూ మంచివే.

ఇంకో మాట, ఇది అందరికీ. బ్లీచింగ్ పౌడరులో వెనిగరు గానీ, నిమ్మ ఉప్పు గానీ, బాత్రూములు కడిగే యాసిడ్ గానీ ఎన్నడూ కలపొద్దు. క్లోరిన్ గ్యాసు పుడుతుంది. మూసిన బాత్రూములో అది ఊపిరితిత్తులను కాలుస్తుంది.

రేవు బండ | సోమవారం, ఉదయం 8:50

సార్ చెప్పింది చదువుతుంటే మా తాత యాదికొచ్చిండు. మాది రజకుల ఇల్లు, నాగర్‌కర్నూల్ దిక్కు. మా తాత కాలంల పౌడర్లు ఎక్కడివి? చెరువు శిఖంల తెల్లగ ఉబ్బి ఉండే చౌడు మట్టి గంపలకెత్తుకొచ్చేటోళ్లు. ఆ మట్టిని నీళ్లల్ల కలిపి, పైన తేట తీసి, దాంట్ల బట్టలు ముంచి పిండి, బాన మీద వరుసగ పేర్చి ఉబ్బ ఏసేటోళ్లు. కింద మంట, లోపల ఆవిరి. రాత్రంతా ఆవిరి తాగిన బట్ట తెల్లారి రేవుల బండకేసి రెండు దెబ్బలు కొడితే మురికి నల్లగ కారేది.

ఆ చౌడు మట్టిల ఉండేది కూడా సోడానే కదా సార్? చిన్నప్పుడు ఆ తేటల చెయ్యి పెడితే సబ్బు లెక్క జారుతుండె.

అక్కా, నేను ఇప్పటికీ ఇస్త్రీ బండి నడుపుతున్న. నేను చూసినంతల జనం చేసే తప్పు ఒకటే. విడిచిన తడి అంగీని ఉండ చుట్టి మూల పడేస్తరు. అది మూడు రోజులు మగ్గి, ఉతికే రోజుకు కంపు పోగుల్లకు దిగుతది. విడవంగనే తిరగేసి గాలికి ఆరేయండి. ఉతికే టైము లేకుంటే ఒట్టి నీళ్లల్ల ఒక్కసారి ముంచి పిండి ఏయండి. ఉప్పు అప్పుడే పోతది. తిరగేసే నానబెట్టాలె, తిరగేసే ఉతకాలె. మురికి లోపలి దిక్కుంటది, మనం పైన రుద్దుతం.

నకిరేకల్ సైన్సు సారు | సోమవారం, ఉదయం 9:20

నిజమే తమ్ముడూ. చౌడు నేలలో సోడియం కార్బొనేటే ఉంటుంది. బట్టల సోడా కూడా అదే. మీ తాతగారు ముందు క్షారం, తరువాత వేడి, ఆ తరువాత దెబ్బ అన్న వరస పెట్టారు. దానికి ఈ రోజు కూడా మార్చాల్సింది లేదు.

దేవరకొండ కోడలు | మంగళవారం, సాయంత్రం 6:10

సార్, సీసాల పరీక్ష చేసిన. ఫిల్టరు నీళ్ల సీసల నురగ మూత దాక వచ్చింది. మా బోరు నీళ్లల్ల విరిగిన పాల లెక్క తునకలు తేలినయి. మా అత్తమ్మకు చూపిస్తే "ఇన్నేండ్లు గీ నీళ్లల్లనే ఉతికిన బిడ్డా" అని చాన సేపు ఆ సీసనే చూసుకుంట కూసున్నది.

రాత్రి రెండు చెంచాల సోడా, పౌడరు ఏసి రెండు అంగీలు నానేసిన. పొద్దున తీసి ఉతికిన. సార్, చెప్పాలంటే బాధైతుంది, వాసన ఇంకొక తీరుగ మారింది. పుల్లగ, కుళ్లిన గంజి లెక్క. ఒక అంగీ రంగు కూడ కొంచెం దిగింది. ఏడ తప్పు చేసిన?

పాలమూరు ఆడబిడ్డ | మంగళవారం, సాయంత్రం 6:45

అక్కా, రాత్రంతా నానేయకు! ఎండకాలం బకెట్ల నీళ్లు గోరువెచ్చగనే ఉంటయి, మురికి అంతా అందుల్నే, ఎనిమిది గంటలు. పెరుగు తోడుకున్నట్టు తోడుకుంటది. నేను కూడ మొదట్ల అట్లనే చేసేదాన్ని. ఎంత నానితే అంత మంచిదనుకునేదాన్ని.

నకిరేకల్ సైన్సు సారు | మంగళవారం, రాత్రి 7:30

ఆమె చెప్పిందే సరైనది. నానబెట్టే టైము నేను చెప్పకపోవడం నా తప్పు. గంట చాలు. బాగా పట్టిన బట్టకు రెండు గంటలు. ఆ తరువాత బట్టలోంచి బయటికొచ్చిన మురికి మళ్లీ బట్టకే అంటుకుంటుంది, పైగా చల్లారిన నీళ్లలో బాక్టీరియా పెరగడం మొదలవుతుంది.

వేడి నీళ్లు వాడావా? జిడ్డు కరగాలంటే వేడి కావాలి. ఒక చెంబు మరిగిన నీళ్లకు రెండు చెంబుల మామూలు నీళ్లు కలిపితే 50 డిగ్రీల దగ్గరికొస్తాయి. ఖాకీకి ఆ వేడి సరిపోతుంది. ఎంజైములున్న పౌడరు అయితే 60 దాటనీయకు. చెమటలోని ప్రొటీన్‌ను ముక్కలు చేసేవి ఆ ఎంజైములే, మరీ వేడికి అవి పనిచేయకుండా పోతాయి.

నీ అంగీల్లో ఏళ్ల తెట్టె ఉంది కాబట్టి మొదటిసారికి మాత్రం ఒక పని ముందు చెయ్యాలి. అర బకెట్టు నీళ్లలో ఒక గ్లాసు తెల్ల వెనిగరు పోసి అరగంట ముంచు. ఆమ్లం తెట్టెలోని కాల్షియం పట్టు విడిపిస్తుంది. పిండి, మంచి నీళ్లలో ఒకసారి జాడించు. ఆ తరువాతే వేడి నీళ్లు, సోడా, పది నిమిషాలు ఆగి పౌడరు, గంట నానడం. వెనిగరు విడిపించిన జిడ్డును సోడా, పౌడరు కలిసి లాక్కుపోతాయి. సగంలో ఆపేస్తే జిడ్డు బట్టలోనే ఉండిపోతుంది.

పాలమూరు ఆడబిడ్డ | మంగళవారం, రాత్రి 7:50

నీళ్లు కాచుడుకు గ్యాసు ఎందుకు దండుగ అక్కా. మిద్దె మీద నల్ల ట్యాంకు ఉంటే మధ్యాహ్నం రెండింటికి నల్లా తిప్పు. పాలమూరు ఎండకు మా ఇంట్ల చెయ్యి పెట్టలేనంత కాలుతయి. మే నెలల నేను నానబెట్టేది ఆ టైముకే. వానకాలం వస్తే మాత్రం కాచుకోక తప్పదు.

సూర్యాపేట ఇల్లు | బుధవారం, ఉదయం 11:00

మాది ఫ్లోరైడు నీళ్ల ఊరు. ఈ వాసనకు, తెట్టెకు ఫ్లోరైడే కారణమా సార్?

నకిరేకల్ సైన్సు సారు | బుధవారం, ఉదయం 11:40

కాదమ్మా. నల్గొండ అనగానే అందరూ ఫ్లోరైడునే తలుస్తారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడు తీసే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ మన జిల్లా పేరే పెట్టింది, నల్గొండ టెక్నిక్ అని. పళ్లను, ఎముకలను అది ఎంత పాడుచేసిందో మన ఊళ్ల నడుములు చూస్తే తెలుస్తుంది. కానీ సబ్బును విరిచేది కాల్షియం, మెగ్నీషియమే. నిజానికి ఫ్లోరైడు బాగా ఉన్న నీళ్లలో కాల్షియం తరచుగా తక్కువే ఉంటుంది. మీకు మిషన్ భగీరథ, అంటే సర్కారు తాగునీటి నల్లా ఉంటే ఆఖరి జాడింపుకైనా ఆ నీళ్లు వాడండి. అవి కృష్ణ నీళ్లు, బోరంత గట్టివి కావు.

వనపర్తి కబడ్డీ | బుధవారం, రాత్రి 9:15

అన్నలూ, నాది జెర్సీ సమస్య. మొత్తం పాలియెస్టర్. ప్రాక్టీసు అయినంక పక్కన ఎవ్వరు కూసోరు. అమ్మ ప్రతిసారి ఆఖరు నీళ్లల్ల కంఫర్టు పోస్తది, ఒక పూట పూల వాసన, మళ్ల గ్రౌండుకు పోతే రెండూ కలిసి ఇంకా ఘోరం.

రేవు బండ | బుధవారం, రాత్రి 9:40

తమ్ముడూ, జెర్సీకి ఆ వాసన మందు ఏదీ వద్దు. బట్టను మెత్తగ చేసేటివన్నీ పోగు మీద పూతలెక్క నిలుస్తయి. పూత కింద కంపు అట్లనే ఉంటది, ఉతికే నీళ్లు లోపలికి పోవు. నెల రోజులు ఆపి, సార్ చెప్పిన వరస పట్టు. జెర్సీ మీద అచ్చేసిన నంబరు ఉంటే మరీ కాలే నీళ్లు వద్దు, గోరువెచ్చవే. బ్యాగుల మూసిపెట్టి పొద్దటిదాక ఉంచకు. ఆట అయిపోంగనే అక్కడి నల్లా కిందనే ఒకసారి తడిపి పిండుకొని రా.

గద్వాల అంచు | గురువారం, ఉదయం 10:20

నా ప్రశ్న కూడా చెమటదే. పెళ్లిళ్ల సీజన్ అయిపోయింది. గద్వాల చీర, దాని మీది పట్టు జాకెట్టు. జాకెట్టు చంకల్లో చెమట గుండ్రంగా అచ్చుపడింది. ఇదీ సోడాలో వేయొచ్చా?

పాలమూరు ఆడబిడ్డ | గురువారం, ఉదయం 10:35

అయ్యో వదినా, వద్దు వద్దు!

నకిరేకల్ సైన్సు సారు | గురువారం, ఉదయం 11:10

పట్టు కూడా ప్రొటీనే. సోడా క్షారం దాన్ని తినేస్తుంది, ఎంజైము పౌడరు చెమటను, పట్టును వేరు చేసి చూడదు. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు, కాబట్టి చీరకు కూడా పట్టు లెక్కే పెట్టాలి.

కుంకుడు కాయలు నాలుగు కొట్టి గింజ తీసి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పిసికి వడగట్టండి. ఆ రసం చల్లని నీళ్లలో కలిపి, రంగు దిగుతుందేమో లోపలి కుట్టు దగ్గర ముందు చూసుకుని, జాకెట్టును ఐదు నిమిషాలకు మించకుండా ముంచి చంకల్లో వేళ్లతో మెల్లగా నొక్కండి. బ్రష్షు వద్దు, పిండొద్దు. నీడలో ఆరేయండి. రంగు దిగితే నీళ్ల జోలికి పోకుండా డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. ఎన్నాళ్ల క్రితం మచ్చ?

గద్వాల అంచు | గురువారం, ఉదయం 11:25

మూడు వారాలు. బీరువాలో పెట్టేశాను సార్, చూసుకోలేదు.

నకిరేకల్ సైన్సు సారు | గురువారం, ఉదయం 11:30

వాసన పోతుంది. అచ్చు పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను.

పాలమూరు ఆడబిడ్డ | గురువారం, మధ్యాహ్నం 12:15

సార్, మా పెద్దోడి అంగీ చంకల పసుపు ఎందుకొచ్చినట్టు? ఒట్టి చెమటకా?

నకిరేకల్ సైన్సు సారు | గురువారం, మధ్యాహ్నం 12:50

అబ్బాయి చంకల్లో చెమట పట్టకుండా స్ప్రేనో, కర్రలాంటిదో రాస్తాడా? అందులోని అల్యూమినియం లవణాలు చెమటలోని ప్రొటీన్‌తో కలిసి ఆ పసుపు గట్టు కడతాయి. బ్లీచింగ్ దాన్ని ఇంకా ముదురు చేస్తుంది. తెల్ల అంగీకి ఆక్సిజన్ బ్లీచ్, అంటే సోడియం పర్‌కార్బొనేట్ ఉన్న మరకల పొడి వేడి నీళ్లలో కలిపి రెండు గంటలు నానబెట్టండి. వేడి లేకపోతే అది మందకొడిగా పనిచేస్తుంది. ఆ స్ప్రేనో, కర్రో రాసుకున్నాక ఆరనిచ్చి అంగీ తొడుక్కోమని కూడా చెప్పండి.

దేవరకొండ కోడలు | శనివారం, రాత్రి 8:55

నాలుగు రోజుల సంది ఏం రాయలేదు, ఏమనుకోకండి. చేసి చూసినంకనే రాద్దామని ఆగిన.

బుధవారం ఒక్క అంగీతోనే మొదలుపెట్టిన. తిరగేసి వెనిగరు నీళ్లల్ల అరగంట. పిండి, జాడించిన. మా ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం రెండున్నరకు చెయ్యి చురుక్కుమనేటట్టు ఉన్నయి, పాలమూరు అక్క చెప్పింది నిజమే. సోడా ఏసి కలిపితే నీళ్లు కొంచెం మసకగైనయి, కొద్దిసేపటికి అడుగున తెల్లటి నలుసు దిగింది. అప్పుడు పౌడరు ఏసిన, ఎప్పుడూ ఏసేదాంట్ల సగమే. చెయ్యి పెట్టి తిప్పితే నురగ మోచేతి దాక వచ్చింది. ఈ ఇంటికి కోడలుగ వచ్చి తొమ్మిదేండ్లు, మా బకెట్ల గసొంటి నురగ చూసుడు ఇదే మొదలు.

గంట అయినంక అంగీ ఎత్తితే నీళ్లు చాయ్ రంగుల ఉన్నయి. ఉతికిన అంగీ అది! దండెం మీదికెల్లి తీసిందే నానేసిన. మా అత్తమ్మ వంగి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

గురువారం పొద్దున ఇస్త్రీ పెట్టె చంక కాడికి తీసుకపోయి ఆగిన. ధైర్యం చాలలే. మెల్లగ ఆనించి ముఖం దగ్గరికి పెట్టిన. వేడి బట్ట వాసన, అంతే. ఇంకొకటి లేదు.

శుక్రవారం ఇంక మూడు చేసిన. రెండు మంచిగైనయి. ఒకదానికి ఇస్త్రీ పెడితే ఇంకా కొంచెం వస్తుంది, మళ్లొకసారి చేస్త. మొన్న రాత్రి నానేసి రంగు దిగిన అంగీని ఆయన ఇంట్ల తొడుక్కుంటనన్నడు. మిగిలిన ఒక పాతది చంకల పలచబడి పోగులు కనవడుతున్నయి, దాన్ని బస్సు అద్దం తుడిచే గుడ్డ చేస్తనని తీసుకపోయిండు.

సార్, మీకు, రేవు బండ అన్నకు, పాలమూరు అక్కకు మొక్కుతున్న. ఒక్కటి అడగాలె. సోడా నీళ్లల్ల పెట్టినంక నా అరచేతులు మండుతున్నయి, వేళ్ల సందుల పగిలినయి. రోజూ చేయాలె కదా, ఎట్ల?

రేవు బండ | శనివారం, రాత్రి 9:20

మా అమ్మ చేతులు కూడ గట్లనే ఉండేటివి అక్కా. సోడా కలిపేది, తిప్పేది కర్రతోని చెయ్యి, చెయ్యి పెట్టకు. రుద్దేటప్పుడు రబ్బరు తొడుగులు ఏసుకో, కిరాణంల దొరుకుతయి. పని అయినంక మంచి నీళ్లతోని కడిగి, తడి ఆరకముందే కొబ్బరినూనె పట్టించు. రాత్రి పండేముందు ఇంకొకసారి. పగిలిన చేతులు మానేదాక సోడా పని వేరేవాళ్లకు అప్పజెప్పు.

నకిరేకల్ సైన్సు సారు | శనివారం, రాత్రి 9:45

రోజూ రెండు చెంచాలు అక్కర్లేదమ్మా. పాత తెట్టె పోయింది కాబట్టి ఇప్పుడు ఒక చెంచాతో చూడు, నురగ నిలిస్తే అదే నీ కొలత. వెనిగరు కూడా ఇక నెలకొకసారి చాలు. ఆఖరున నీళ్లు జారుడు పోయేదాకా జాడించు. సోడా బట్టలో మిగిలితే నీ చేతులకు జరిగిందే ఆయన చంకల్లో జరుగుతుంది.

దేవరకొండ కోడలు | శనివారం, రాత్రి 10:10

సరే సార్. రేపటి సంది నానేసే పని ఆయనే చేస్తనంటున్నడు. పక్కన కూసోని ఇదంతా మొదటి నుంచి చదివిండు. గుమ్మం కాడ వాసన చూసుకున్న ముచ్చట కాడ ఆగి నా దిక్కు చూసిండు. తర్వాత లేసి పోయి, రబ్బరు తొడుగులు పెద్ద సైజు దొరుకుతయా అని అడిగిండు.